టర్బో కారు ఎగ్జాస్ట్‌లో బ్యాక్‌ప్రెషర్ తగ్గించడం ఎలా: ముందు కొలవండి, తర్వాతే కొయ్యండి

బరంపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, ఎటు చూసినా ఇప్పుడు టర్బో పెట్రోల్ కార్లే. పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్, వెర్నా టర్బో, వర్టస్, అక్కడక్కడా ఒక ఆక్టేవియా వీఆర్ఎస్. నన్ను అందరూ అడిగేది ఒకటే, "అన్నా, ఎగ్జాస్ట్ ఫ్రీ చేయిస్తే పికప్ పెరుగుద్దా, ఎంత ఇంచ్ పైపు వెయ్యమంటావు?" ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పి చెప్పి ఇంక ఇలా రాసేస్తున్నాను, నిదానంగా చదవండి, కారు లిఫ్ట్ ఎక్కించే ముందు ఇంకోపాలి చదవండి.

ఇంచ్ సంగతి తర్వాత. మీ కారులో ప్రెషర్ ఎక్కడ ఆగిపోతుందో కొలవకుండా పైపు కొయ్యకండి. వెనక మఫ్లర్ (సైలెన్సర్ డబ్బా) కోసి పెద్దది వేయించుకుని సౌండ్ పెరిగింది కాబట్టి పవర్ పెరిగిందనుకునేవాళ్ళని చాలామందిని చూశాను, కొలిస్తే ముందు ఎంతో తర్వాతా అంతే, ఎందుకంటే బిగుసుకుపోయింది ముందు భాగంలో.

థియరీ ఇంతే. పొగ పోయే దారి ఇరుకైతే వెనక్కి నెట్టే ప్రెషరే బ్యాక్‌ప్రెషర్. టర్బైన్ (టర్బోలో ఎగ్జాస్ట్ గ్యాస్ తిప్పే చక్రం) తిరిగేది దాని ముందున్న ప్రెషర్‌కీ వెనకున్న ప్రెషర్‌కీ మధ్య నిష్పత్తి మీద. అబ్సల్యూట్ లెక్కలో (బయటి గాలి ప్రెషర్ ఒక బార్ కూడా కలిపి) ముందు 2.5 బార్, వెనక 1.5 బార్ ఉందనుకోండి, నిష్పత్తి 1.67 వస్తుంది. వెనక ప్రెషర్‌ని 1.15కి దించితే అదే నిష్పత్తికి ముందు 1.92 సరిపోతుంది, అంటే మీరు వెనక 0.35 తగ్గిస్తే ఇంజన్ మీద 0.58 తగ్గుతుంది. అందుకే టర్బో త్వరగా లేస్తుంది, సిలిండర్లో కాలిన గ్యాస్ తక్కువ మిగులుతుంది, నాకింగ్ (సిలిండర్లో పెట్రోల్ తనంతట తానే పేలడం) తగ్గుతుంది. "కొంచెం బ్యాక్‌ప్రెషర్ ఉండాలి, లేకపోతే టార్క్ పోద్ది" అనే మాట టర్బైన్ తర్వాత పైపుకి వర్తించదు, అక్కడ ఎంత తక్కువైతే అంత మంచిది. టర్బో లేని బండ్లలో గ్యాస్ వేగం చూసుకుని పైపు సైజు ఎంచుకోవాలి, అది వేరే కథ.

చట్టం గురించి కూడా ముందే చెప్తాను, తర్వాత నన్ను అనకండి. మోటార్ వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదు. 182ఏ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల ఫైన్ గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడొచ్చు. సౌండ్, పొగ విషయంలో 190(2) కింద 10,000 వరకు ఫైన్ ఉంది, జైలు మూడు నెలల దాకా, లైసెన్స్ కూడా మూడు నెలలు పోతుంది. కాబట్టి రోజూ ఆఫీసుకి తిప్పే కారైతే కింద చెప్పిన వాటిలో రిపేర్ వరకే చెయ్యండి, అంటే మూసుకుపోయిన క్యాట్ (పొగలో విషం తగ్గించే కాటలిటిక్ కన్వర్టర్), నొక్కుకుపోయిన పైపు, తప్పుగా కూర్చున్న గాస్కెట్. డౌన్‌పైప్ (టర్బో నుంచి దిగే మొదటి పైపు), పెద్ద పైపు, రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ లెక్కలు మార్చడం) ఇవన్నీ చెన్నై, కోయంబత్తూరు ట్రాక్‌లకి తీసుకెళ్ళే కార్లకి. క్యాట్ తీసి ఖాళీ పైపు వెయ్యమని మాత్రం నన్ను ఎవరూ అడగకండి, ఆ పొగ పీల్చేది మన వీధిలో పిల్లలే.

కావాల్సినవి:

- 0 నుంచి 1 బార్ వరకు ఉన్న చిన్న ప్రెషర్ గేజ్. టైర్ గాలి గేజ్ పనికిరాదు, దాని ముల్లు ఇంత చిన్న ప్రెషర్‌కి కదలదు.
- ఆక్సిజన్ సెన్సర్ సైజు థ్రెడ్ ఉన్న అడాప్టర్ (ఎం18, పిచ్ 1.5), దానికి బ్రేజింగ్ చేసిన పావు ఇంచ్ కాపర్ పైపు ఒక మీటరు. ఫ్రిజ్ మెకానిక్ దగ్గర దొరుకుతుంది. దాన్ని చుట్టలా చుడితే గేజ్ దాకా వేడి రాదు. అక్కడినుంచి సిలికాన్ ట్యూబ్.
- ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌ని చదివేది), బూస్ట్ (టర్బో తోసే గాలి ప్రెషర్), లాంబ్డా (గాలి, పెట్రోల్ మిక్స్చర్ కొలత), ఇగ్నిషన్ రిటార్డ్ (స్పార్క్ ఎంత వెనక్కి జరిగిందో) రికార్డ్ చేసే యాప్.
- జాకీతో పాటు స్టాండ్లు. జాకీ ఒక్కదాని మీద కారు పెట్టి కింద దూరొద్దు, దయచేసి.
- కొత్త గాస్కెట్లు, నట్లు, సెన్సర్ థ్రెడ్‌కి రాసే యాంటీసీజ్, తుప్పు వదిలించే స్ప్రే.
- పైపు మార్చేట్టయితే 1.5 ఎంఎం మందం ఎస్ఎస్ 304 పైపు, మాండ్రెల్ బెండ్లు (వంపులో చప్పబడకుండా వంచినవి), ఫ్లెక్స్ బెలో (ఊగడానికి వీలిచ్చే మడతల గొట్టం), ఆర్గాన్ వెల్డింగ్ తెలిసిన మనిషి.

జీఐ నీళ్ళ పైపు వద్దు. చవగ్గా వస్తుందని కొన్ని షెడ్లలో అదే వేస్తారు, దాని మీదున్న జింక్ వెల్డింగ్‌లో కాలి ఆ పొగకి వెల్డర్‌కి జ్వరం వస్తుంది. మామూలు ఇనుప పైపు వేసుకోవచ్చు గాని గోపాలపురం సముద్రం మనకి ఎంత దూరం, ఆ ఉప్పు గాలికి అది ఎక్కువ కాలం నిలవదు.

1. ముందు మిగతా జబ్బులు చూడండి.
ఎయిర్ ఫిల్టర్, ప్లగ్‌లు, కాయిల్స్, ఇంటర్‌కూలర్ గొట్టాల లీక్. పికప్ తగ్గిందని ఎగ్జాస్ట్ విప్పేసి చివరికి ఇంటర్‌కూలర్ క్లిప్ లూజ్ అని తేలిన కార్లున్నాయి. మిస్‌ఫైర్ ఉంటే తప్పనిసరిగా ముందు అదే సరిచెయ్యండి, కాలని పెట్రోల్ క్యాట్‌లోకి పోయి అక్కడ మండి లోపలి తేనెపట్టు లాంటి గూడు కరిగిపోతుంది, కొత్త క్యాట్ వేసినా మళ్ళీ అదే గతి. ఇంజన్ ఆయిల్ తాగుతున్నా అంతే.

2. చల్లబడ్డాక కింద దూరి చూడండి.
బండి ఆపి కనీసం రెండు గంటలు. క్యాట్ నుంచి టెయిల్ దాకా చేత్తో తడుముతూ వెళ్ళండి. మన ఊళ్ళ స్పీడ్ బ్రేకర్లు, సాలూరు ఘాట్‌లో గుంతలు, తప్తపాణి వైపు రాళ్ళు, వీటికి పైపు అడుగు నొక్కుకుపోయి ఉంటుంది, పైనుంచి అసలు తెలీదు. పైపు ఎత్తు సగానికి నొక్కుకుపోతే అక్కడ దారి కూడా దాదాపు సగమే. వెనక యాక్సిల్ మీదుగా వంపు తిరిగే చోట వెర్నియర్ పెట్టి కొలవండి. రబ్బర్ సుత్తితో క్యాట్‌నీ మఫ్లర్‌నీ మెల్లగా తట్టండి, లోపల గలగలమంటే గూడు విరిగింది, ఆ ముక్కలు కొట్టుకెళ్ళి మఫ్లర్ నోట్లో ఇరుక్కుంటాయి, అప్పుడు క్యాట్ ఒక్కటే మారిస్తే చాలదు.

3. ప్రెషర్ కొలవండి.
ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. టర్బో కారులో మామూలుగా ముందు ఆక్సిజన్ సెన్సర్ టర్బైన్‌కీ క్యాట్‌కీ మధ్యలో ఉంటుంది, వెనకది క్యాట్ తర్వాత. ముందు సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో గేజ్ పెట్టి ఐడిల్‌లో, న్యూట్రల్‌లో 2,500 ఆర్పీఎం దగ్గర చూసుకోవచ్చు, అంతవరకే. సెన్సర్ లేకుండా ఫుల్ థ్రాటిల్ కొట్టకండి. ఇంజన్‌కి మిక్స్చర్ కనిపించదు, లీన్ (పెట్రోల్ తక్కువ) అయితే పిస్టన్ పోతుంది. ఫుల్ లోడ్‌లో చూడాలంటే సెన్సర్ పక్కన ఇంకో చిన్న బంగ్ (లోపల థ్రెడ్ ఉన్న గుండ్రటి ముక్క) వెల్డ్ చేయించి అందులో గేజ్ పెట్టండి, కొలత అయ్యాక బోల్ట్‌తో మూసెయ్యండి. వెనక సెన్సర్ రంధ్రంలో అయితే ఫుల్ లోడ్ కొలత తీసుకోవచ్చు, చెక్ లైట్ వస్తుంది, తర్వాత క్లియర్ చేస్తే పోతుంది.

ట్యూబ్ కిటికీలోంచి లోపలికి తెచ్చి గేజ్ పక్క సీట్లో మనిషి చేతికివ్వండి, డ్రైవ్ చేసేవాడు గేజ్ చూడకూడదు. ముల్లు బాగా ఊగుతుంటే ట్యూబ్‌ని క్లిప్‌తో కొద్దిగా నొక్కండి, నిలబడుతుంది. సెకండ్ గేర్‌లో 2,000 నుంచి 6,000 దాకా ఒక లాగు, స్పీడ్ లిమిట్ దాటకుండా, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద. డైనో దగ్గర చేస్తే ఇంకా మంచిది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టండి. మూడుసార్లు చేసి మూడూ రాసుకోండి. ఇంకో మాట, బరంపురంలో ఒకసారి, కోరాపుట్ కొండ మీద ఒకసారి కొలిచి పోల్చకండి. అక్కడ గాలే పల్చన, అంకెలు కలవవు. ముందూ తర్వాతా ఒకే చోట, ఒకే టైమ్‌లో.

4. అంకెలు చదవడం.
ఐడిల్‌లో 0.1 బార్ లోపు, లోడ్ లేకుండా 2,500 దగ్గర 0.2 లోపు ఉండాలి, దాటిందంటే ఎక్కడో మూసుకుంది. ఫుల్ లోడ్‌లో ముందు బంగ్ దగ్గర 0.2 లోపు ఉంటే ఇంక మీరు డబ్బు పెట్టక్కర్లేదు, ఇంటికెళ్ళిపోండి. 0.2 నుంచి 0.4 స్టాక్ కార్లలో మామూలే. 0.5 దాటితే పని ఉంది.

తర్వాత ముందు అంకెలోంచి వెనక అంకె తీసెయ్యండి. ముందు 0.45, వెనక 0.15 వచ్చిందనుకోండి, 0.30 క్యాట్ ఒక్కటే మింగుతుంది, మఫ్లర్ మార్చి ఏం లాభం? అదే ముందు 0.45, వెనక 0.35 అయితే క్యాట్ బాగానే ఉంది, మీ బాధంతా వెనక పైపు, రెజొనేటర్ (మోత తగ్గించే ఇంకో డబ్బా), మఫ్లర్‌లలో ఉంది. ఈ ఒక్క తీసివేత చెయ్యకుండా వేలకి వేలు పోసినవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

5. ఎక్కడ ఉంటే అక్కడే సరిచెయ్యండి.
క్యాట్ మూసుకుంటే మార్చడమే దారి. వెనిగర్ పోసి నానబెట్టడం, ప్రెషర్ వాటర్ కొట్టడం, వీడియోల్లో చూపించేవి ఏవీ కరిగిపోయిన గూడుని తిరిగి తెరవలేవు, పైగా మిగిలిన పూత కూడా పోతుంది. రోడ్డు కారుకి కంపెనీ క్యాట్. ట్రాక్ కారుకి 200 సెల్ (చదరపు ఇంచ్‌కి 200 గళ్ళు) హైఫ్లో మెటల్ క్యాట్, స్టాక్‌లో మామూలుగా 400 నుంచి 600 సెల్ ఉంటుంది కాబట్టి తేడా బాగా కనిపిస్తుంది.

నొక్కుకుపోయిన పైపైతే ఆ ముక్క కోసి అదే సైజు కొత్త ముక్క వెయ్యండి. చాలా కార్లకి ఇదొక్కటే సరిపోతుంది, ఖర్చు కూడా తక్కువ.

ట్రాక్ కారుకి పైపు సైజు ఇలా: 150 హార్స్‌పవర్ వరకు రెండుంపావు ఇంచ్, 150 నుంచి 250 దాకా రెండున్నర, 250 నుంచి 400 దాకా మూడు. 1.0 టీఎస్ఐ లాంటి చిన్న ఇంజన్‌కి మూడు ఇంచ్ వేయించుకుంటే వచ్చేది బరువు, మోత, కింద తగులుడు, అంతకు మించి ఏమీ లేదు. రెండున్నర నుంచి మూడుకి వెళ్తే దారి 44 శాతం పెరుగుతుంది, తిన్నని పైపులో ప్రెషర్ నష్టం దాదాపు రెండున్నర రెట్లు తగ్గుతుంది, కాబట్టి పవర్ ఉన్న కారుకి మూడు న్యాయమే.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు. టర్బైన్ దాటగానే గ్యాస్ 800 డిగ్రీలు ఉంటే టెయిల్ దగ్గర 300 ఉంటుందనుకోండి, అదే గ్యాస్ ముందు దాదాపు రెండింతల చోటు పడుతుంది. అందుకే మొదటి మీటరే ముఖ్యం. డబ్బు కొంచెమే ఉంటే డౌన్‌పైప్ మీద పెట్టండి, వెనక పైపు ఒక సైజు తక్కువైనా ఫరవాలేదు. టర్బైన్ నోటి దగ్గర సైజు ఒక్కసారిగా పెరగకూడదు, ఒక జానెడు పొడవున మెల్లగా విచ్చుకునే కోన్ ఉండాలి.

బెండ్లు మాండ్రెల్‌వే వాడండి. మామూలు బెండింగ్ మెషిన్‌లో వంచితే వంపు దగ్గర పైపు చప్పబడి మూడు ఇంచ్ కాస్తా రెండున్నర అవుతుంది. మన దగ్గర మాండ్రెల్ మెషిన్ లేకపోతే రెడీమేడ్ బెండ్లు విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో తెప్పించి కోసి అతికించుకోవడమే. మఫ్లర్ అయితే తిన్నగా చిల్లుల పైపు పోయే రకం, చుట్టూ ఉన్ని ఉండేది. లోపల గదులున్న రకం మోత బాగా తగ్గిస్తుంది గాని దారి తిప్పి తిప్పి పంపుతుంది. రెజొనేటర్ తీసెయ్యకండి, తిన్నగా పోయే రెజొనేటర్ దాదాపు ఏమీ మింగదు, అది లేకపోతే హైవే మీద చెవులు గుయ్యిమంటాయి.

6. వెల్డింగ్.
కారు మీద టాక్ (తాత్కాలికంగా చుక్కల అతుకు) మాత్రమే వేసి, విప్పి, బల్ల మీద పూర్తి వెల్డ్ చేయించండి. కారు మీద టాక్ వేసేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యాలి, ఇది మర్చిపోతే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పోవచ్చు. 304కి 304 అతికితే 308ఎల్ రాడ్, స్టీల్‌ని మామూలు ఇనుముకి అతికితే 309ఎల్. పైపు లోపల కూడా ఆర్గాన్ నింపి వెల్డ్ చెయ్యమనండి, లేకపోతే లోపల నల్లగా పొక్కులు పొక్కులుగా వచ్చి ఆ గరుకే గ్యాస్‌ని ఆపుతుంది, అక్కడే పగులుతుంది కూడా. సెన్సర్ బంగ్ పైపు పై సగంలో ఉండాలి, గడియారంలో 10కి 2కి మధ్య, అడుగున పెడితే నీళ్ళు చేరి సెన్సర్ చచ్చిపోతుంది.

ఫ్లెక్స్ బెలో తప్పదు. నా మొదటి డౌన్‌పైప్‌కి అది అక్కర్లేదన్నాడు చేసినతను, నేనూ నమ్మాను, మూడు నెలలకి ఫ్లాంజ్ (బోల్ట్‌లు వేసే అంచు) పక్కన పగిలిపోయి ఒక రాత్రి మోహన ఊరి దగ్గర బండి ఆగిపోయింది. ఇంజన్ గేర్ వేసిన ప్రతిసారీ ఊగుతుంది, పైపు వేడికి సాగుతుంది, 304 ఒక మీటరు 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 ఎంఎం పొడవు పెరుగుతుంది. ఆ సాగుడుకి చోటు లేకపోతే వెల్డ్ పగలక ఏం చేస్తుంది? హ్యాంగర్లు రబ్బర్‌వే ఉంచండి, గట్టిగా బిగించకండి. పెట్రోల్ ట్యాంక్, బ్రేక్ గొట్టం, యాక్సిల్ బూట్ పక్కనుంచి పోయే చోట హీట్ షీల్డ్ తిరిగి పెట్టించండి, చాలామంది స్క్రూ పోయిందని షీల్డ్ షెడ్లోనే వదిలేస్తారు.

7. గాస్కెట్ పెట్టేముందు ఒక్క నిమిషం.
గాస్కెట్‌ని ఫ్లాంజ్ మీద పెట్టి లోపలికి చూడండి. దాని రంధ్రం పైపు కంటే చిన్నదైతే మీరు చేసిన పనంతా ఆ రేకు దగ్గర ఆగిపోతుంది. లోపలికి పొడుచుకొచ్చిన వెల్డ్ ముద్ద ఉంటే గ్రైండ్ చేయించండి. మూడు ఇంచ్ పైపు వేసి రెండుంబావు గాస్కెట్ పెట్టిన కారు నేనే స్వయంగా విప్పాను.

8. లీక్ చూడండి.
బండి చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి, తడి గుడ్డతో టెయిల్ కొద్దిసేపు అడ్డుపెట్టి, ప్రతి జాయింట్ మీద సబ్బు నీళ్ళు కొట్టండి. బుడగలొస్తే లీక్. ఇది ఆరుబయట చెయ్యాలి, షట్టర్ మూసిన గ్యారేజీలో వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ముందు సెన్సర్‌కి దగ్గర్లో లీక్ ఉంటే బయటి గాలి లోపలికి పీల్చి మిక్స్చర్ లీన్ అని ఈసీయూ పొరపడి పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, మైలేజ్ పడిపోయిందని మీరు ఇంజన్ అంతా వెతుకుతారు.

9. బూస్ట్ చూడకుండా తొక్కకండి.
బ్యాక్‌ప్రెషర్ తగ్గగానే టర్బో ముందుకంటే సులువుగా తిరుగుతుంది, పాత వేస్ట్‌గేట్ (ఎక్కువైన గ్యాస్‌ని టర్బైన్ పక్కనుంచి వదిలే తలుపు) లెక్కలతో బూస్ట్ టార్గెట్ దాటిపోవచ్చు. మొదటి రోజు సగం థ్రాటిల్‌తో మొదలుపెట్టి, టార్గెట్ బూస్ట్, అసలు బూస్ట్, లాంబ్డా, ఇగ్నిషన్ రిటార్డ్ రికార్డ్ చేస్తూ కొంచెం కొంచెం పెంచండి. బూస్ట్ ఒక్కసారి ఎగిరి వెంటనే టార్గెట్‌కి దిగితే రీమ్యాప్‌తో సర్దుకుంటుంది. ఆర్పీఎంతో పాటు ఆగకుండా పెరుగుతూనే పోతే వేస్ట్‌గేట్ దారే చాలట్లేదని అర్థం, అప్పుడు కాలు తీసెయ్యండి, అది సాఫ్ట్‌వేర్‌తో పోదు. పీ0234 కోడ్ వస్తే బూస్ట్ ఎక్కువైంది, పీ0299 వస్తే తక్కువైంది, ఎక్కువసార్లు ఏదో గొట్టం ఊడి ఉంటుంది. పీ0420 వస్తే క్యాట్ సరిగ్గా పనిచెయ్యట్లేదని. ఆ కోడ్ ఆపడానికి వెనక సెన్సర్‌కి స్పేసర్ పెట్టే షెడ్లున్నాయి, మీరు పెట్టించకండి, కొత్త క్యాట్ నిజంగా చస్తున్నప్పుడు చెప్పే దారి కూడా మూసేసుకున్నట్టే.

10. మళ్ళీ కొలవండి.
అదే చోట, అదే గేర్, అదే మూడు లాగులు. ముందు బంగ్ దగ్గర ట్రాక్ కారుకి 0.2 లోపుకి, స్టాక్ కారుకి 0.4 లోపుకి దిగితే పని అయింది. దిగలేదంటే మళ్ళీ ముందు అంకెలోంచి వెనక అంకె తీసి చూడండి, ఇంకా ఏదో ముక్క మిగిలింది. సీటు వెనక్కి నెట్టినట్టు ఉందనే ఫీలింగ్‌ని నమ్మకండి, మోత పెరిగితే మనకి స్పీడ్ పెరిగినట్టే ఉంటుంది. అంకె రాసుకోండి, తేదీ వెయ్యండి. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా మళ్ళీ చేయించండి, కార్బన్ మోనాక్సైడ్ అంకె పాత కాగితంతో పోల్చండి, బాగా పెరిగితే క్యాట్ గాని మిక్స్చర్ గాని తేడాగా ఉంది.

తర్వాత 100, 200 కిలోమీటర్లు తిరిగాక చల్లగా ఉన్నప్పుడు ప్రతి నట్టూ ఒకసారి బిగించండి, వేడికీ చలికీ అవి వదులవుతాయి. పైపు ఎక్కడైనా బాడీకి తగిలి మెరిసిన గీత పడిందేమో చూడండి, ఉంటే ఆ హ్యాంగర్ ఒక వేలెడు జరిపించండి. గేజ్‌కి పెట్టిన బంగ్ బోల్ట్ కూడా అప్పుడే చూసుకోండి, దాన్నే అందరూ మర్చిపోతారు.